సీసా అడుగున మడ్డి

మబేలా
12 అక్టోబరు 2024

నాన్నా,

ఈ ఉదయం వంటింట్లో సీసా మీది వెండిరేకు కొంచెం పైకి లేచి మళ్లీ దిగింది. ఫ్యాను గాలికేమో అనుకుని ఫ్యాను ఆపాను. అయినా లేచింది. సీసా లోపలిది ఊపిరి వదులుతోందని అప్పుడు అర్థమైంది.

ఆ సీసా సంగతి నీకు చెప్పలేదు కదూ. ఫోనులో చెప్పాలనే అనుకుంటాను. నీ రూములో నలుగురి మాటలూ వినిపిస్తుంటాయి. నేను ఊ అంటాను, నువ్వు ఊ అంటావు, అక్కడితో అయిపోతుంది. ఆంజి అన్న బర్కా నుంచి ఇక్కడి దుకాణానికి ముల్లంగి, కొత్తిమీర తెస్తున్నాడు. మీ ఖర్జూరం తోట మీదుగానే వస్తానన్నాడు. ఇక నుంచి అతని చేతికి ఉత్తరం ఇస్తాను. నాకు ఇదే తేలిక.

నేను పని చేసే ఇంట్లో సార్ ఐర్లాండ్ ఆయన. ఎడారిలో చమురు సైట్‌లో రెండు వారాలు డ్యూటీ, తర్వాత రెండు వారాలు ఇంట్లో. ఇంట్లో ఉన్నప్పుడు బీరు తయారు చేసుకుంటాడు. కంగారుపడకు. అది ఆయనకీ మేడమ్‌కీ మాత్రమే. ఈ అరబ్బు దేశంలో మందు కొనుక్కోవాలంటే పర్మిట్ ఉండాలి, ఆయన దగ్గర ఉంది. చేసుకోవడానికి కూడా అది చాలుతుందో లేదో నేను అడగలేదు. "ఇది ఇంట్లో మాట, ఆశా" అని ఒక్కసారి అన్నాడు. అందుకని ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు.

నేను బీరు ముట్టుకోను. నా పని సీసా. మొలకెత్తిన బార్లీతో చేసిన తియ్యటి పొడి ఒకటి ఉంటుంది. దాన్ని నీళ్లలో కలిపి మరిగించి, బాగా చల్లార్చి, అడుగు వెడల్పుగా మెడ సన్నగా ఉండే గాజు సీసాలో పోయాలి. అందులో చెంచాడు ఈస్టు వేసి, మెడ మీద చపాతీలు చుట్టే వెండిరేకు వదులుగా కప్పాలి. బిగించకూడదు. ఇక్కడి వేడికి అది తట్టుకోలేదు కాబట్టి సీసాని చన్నీళ్ల తొట్టిలో నిలబెట్టాలి. తర్వాత అటుగా వెళ్లినప్పుడల్లా మెడ పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. ఉతికిన బట్టలు ఆరేయడానికి వెళ్తూ తిప్పుతాను. వస్తూ తిప్పుతాను. గాలి తగిలితే ఈస్టు పెరుగుతుందట, గాలి అందకపోతే మత్తు చేస్తుందట. "ఇప్పుడు మనకి కావాల్సింది మత్తు కాదు, పిల్లలు" అన్నాడు సార్. మేడమ్ నవ్వింది. నేను నేల చూశాను.

బాగా పెరిగాక ఫ్రిజ్‌లో పెడితే అంతా అడుగుకి దిగుతుంది. పైన పలచటి నీళ్లు, అడుగున మీగడ రంగు మడ్డి. నీళ్లు పారబోయాలి, మడ్డి ఉంచాలి. బీరు డబ్బాని పులియబెట్టేది ఆ మడ్డే. అందులో కొంచెం దాచి, మళ్లీ తియ్యటి నీళ్లు పోస్తే మళ్లీ పెరుగుతుంది. సార్ వచ్చే వారం సైట్‌కి వెళ్లిపోతాడు. ఆయన తిరిగి వచ్చేవరకూ దాన్ని బతికించి ఉంచడం నా డ్యూటీ.

ఇంటర్‌లో సిస్టర్ అనస్తాసియా బోర్డు మీద ఈస్టు బొమ్మ వేసింది. గుండ్రటి కణం, దాని భుజాన చిన్న మొగ్గ. మొగ్గ తొడిగి ఒకటి రెండవుతుందని చెప్పింది. అప్పుడు మార్కుల కోసం చదివాను. ఇప్పుడు గిన్నెలు కడుగుతూ దాని గురించే ఆలోచిస్తున్నాను.

అమ్మకి ఇవేవీ రాయను. బీరు అన్న మాట చూసిందంటే చర్చిలో నా పేరున ప్రార్థన పెట్టిస్తుంది.

నీకు దగ్గు తగ్గిందా? ఏసీ గాలి నేరుగా మీద పడేలా పడుకోకు.

నీ ఆశ


బర్కా
17 అక్టోబరు

ఆశమ్మా,

ఆంజి ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. మోటారు షెడ్డు వెనకాల కూర్చుని రెండుసార్లు చదివాను. మొదటిసారి బీరు అన్న దగ్గర ఆగిపోయాను. పిల్లని కాన్వెంటులో వేసింది ఇందుకా అనిపించింది. రెండోసారి నిదానంగా చదివితే నువ్వు చేసేది సారా కాదు, పిల్లల పెంపకం అని తెలిసింది. అయినా తల్లీ, ఆ పెద్ద డబ్బా జోలికి వెళ్లకు. వేలు ముంచి రుచి చూడకు. మనింటికి ఆ రుచి అచ్చిరాలేదు.

మొగ్గ తొడిగి రెండవుతుందన్నావు. ఖర్జూరం చెట్టూ అంతే. మొదలు దగ్గర పిలక వేస్తుంది. దాన్ని విడదీసి వేరే చోట నాటితే ఇంకో చెట్టు. మన కోనసీమ కొబ్బరికి ఆ గుణం లేదు పాపం, కాయ పాతాల్సిందే.

నా దగ్గు తగ్గింది. ఇక్కడ చెట్లకే జబ్బు చేసింది. ఎర్రముక్కు పురుగు. మన లంకల్లో కొబ్బరిని తినేస్తుందే, అదే. ఇక్కడ సూసా అంటారు. మొద్దుకి చెవి ఆనిస్తే లోపల కరకర నమలడం వినిపిస్తుంది. బావి పక్క వరస మా తోట యజమాని, పెద్ద అర్బాబ్ వాళ్ల నాన్న నాటిన చెట్లంట. ముసలాయన మొన్న నాతో పాటు వచ్చి చెవి పెట్టాడు. ఆయనకి చెవుడు, ఏమీ వినపడలేదు. నా మొహం చూసి తెలుసుకున్నాడు. అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు.

ఆయన కొడుకు చిన్న అర్బాబ్ ఆ వరస కొట్టేసి దుకాణాలు కట్టిద్దామంటున్నాడు. కొట్టేస్తే నాతో పనేముంది? నా వీసా జనవరితో అయిపోతుంది. చెట్లు నిలబెడితే రెన్యూ చేయిస్తానని పెద్దాయన మాట ఇచ్చాడు. నీకింకా రెండేళ్లు కాంట్రాక్టు ఉంది. నువ్వు ఈ దేశంలో ఉన్నన్నాళ్లూ నేనూ ఇక్కడ ఉండాలి. ఒకళ్లనొకళ్లు చూసుకునేది తక్కువే, అది వేరే సంగతి. గంట దూరంలో నాన్న ఉన్నాడు అనుకోవడం వేరు, సముద్రం అవతల ఉన్నాడు అనుకోవడం వేరు.

మన దగ్గర ఈ పురుక్కి కల్లు ఎర. పచ్చి కొబ్బరి మట్ట చీల్చి కల్లు పోసి తోటలో పెడితే, ఆ పులుపు వాసనకి వచ్చి పడిపోతుంది. ఇక్కడ కల్లెక్కడిది? రాలిన ఖర్జూరాలు పిసికి బకెట్లో నానేస్తున్నాను. పులిసేలోగా బూజు పట్టేస్తోంది. దుకాణంలో రొట్టెల ఈస్టు కొన్నాను. దారిలో ఎండకి మాడిందో ఏమో, ఒక్క బుడగ రాలేదు. నీ దగ్గర బతికున్నది ఉంది కదా. కొంచెం పంపగలవా? చెట్లకే.

రూములో పెద్దులు అని జగిత్యాల మనిషి ఉన్నాడు, మంచివాడు, నోరు ఆగదు. బకెట్ చూసి, "ఓ ఇస్రాయేలన్నా, పురుగులకు పోసేది మాక్కూడ జర పొయ్యరాదె! మేమేం పాపం జేసినం, రెక్కలు లేకపాయెననా?" అంటాడు. రూమంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

పుస్తకాలు చదువుకుంటూ చీకట్లో కళ్లు పాడుచేసుకోకు.

మీ నాన్న
ఇస్రాయేలు


మబేలా
22 అక్టోబరు

నాన్నా,

జామ్ సీసాలో పంపుతున్నాను. మూత గట్టిగా బిగించలేదు, బిగిస్తే పగులుతుంది. నిలబెట్టి తీసుకెళ్లమని ఆంజి అన్నకి చెప్పాను. అతనికి మొదట భయం వేసింది. "ఏందమ్మా ఇది, బుస కొడతాండాదే, పామేమైనా పెట్టినావా?" అన్నాడు.

చేరగానే చల్లటి చోట కదలకుండా ఒక పూట ఉంచు. మడ్డి అడుగుకి దిగుతుంది. పైన ఉన్న తేట పారబోసెయ్. దానితో పని లేదు. మడ్డిని ఖర్జూరం నీళ్లలో కలుపు. నీళ్లు వేడిగా ఉండకూడదు.

సార్ సైట్‌లో ఉన్నాడు. ఆయన్ని అడగకుండానే పంపుతున్నాను. దాచిన దానిలో ఒక వంతే తీశాను. మళ్లీ పెంచేస్తాను కాబట్టి తక్కువేమీ కాదు. అయినా ఇవాళంతా మేడమ్ మొహం సరిగ్గా చూడలేకపోయాను.

ఒక్క మాట, నాన్నా. రాయొచ్చో రాయకూడదో తెలియదు. మన ఇంట్లో దీపం గూట్లో ఒక సీసా ఉండేది. ఏమిటని అడిగితే కోళ్లకి మందు అనేవాడివి. మన కోళ్లకి ఎప్పుడూ జబ్బు చేయలేదు. "చెట్లకే" అని నువ్వు రాసిన చోట ఆ గూడు గుర్తొచ్చింది. నువ్వు మానేసి నాలుగేళ్లయిందని తెలుసు. అమ్మకి మాట ఇచ్చి విమానం ఎక్కావని తెలుసు. తెలిసినా గుర్తొచ్చింది. కోపం తెచ్చుకోకు.

మేడమ్ అలమారలో చెట్ల పుస్తకం ఒకటి ఉంది. అందులో నీ పురుగు బొమ్మ చూశాను. ఏనుగు తొండం అతికించినట్టు ఉంది. చూడటానికి అందంగానే ఉంది, చెట్టుకి చెప్పకు.

నీ ఆశ


బర్కా
27 అక్టోబరు

ఆశమ్మా,

సీసా చేరింది. సగం నురగై ఆంజి బండిలోనే పొంగిపోయింది. "నా కొత్తిమీర కట్టలన్నీ కల్లు దుకాణం వాసన కొడతాండాయి, మబేలా సేటు నన్ను తరుముతాడు" అని నా మీద కేకలు వేశాడు. టీ ఇప్పించి చల్లబరిచాను.

కోళ్ల మందు సంగతి చదివాను. నువ్వు అడగడం న్యాయమే. కోపం రాలేదు.

నువ్వు చెప్పినట్టే ఒక పూట కదపకుండా ఉంచాను. తేట చక్కగా పైకి తేలింది, నిమ్మకాయ రంగులో. అది జాగ్రత్తగా వేరే గిన్నెలోకి వంపుకుని, అడుగున ఉన్న బురద పారబోశాను. తేటని రెండు బకెట్ల ఖర్జూరంలో కలిపాను. బయట పెడితే మేకలు మూతి పెట్టేస్తున్నాయి, అందుకని రూములో మంచం కింద ఉంచాను. ఇప్పటికి పులుపు వాసన మొదలైంది గానీ జోరు లేదు. పురుగు రావాలంటే ఇంకా ఘాటు ఉండాలి. ఇంకో సీసా పంపగలవా? ఈసారి తేట కాస్త ఎక్కువ ఉండేలా చూడు, మడ్డి లేకపోయినా పరవాలేదు.

పెద్దులు మంచం కిందకి తొంగి చూసి, "అన్నా, గీ బిడ్డ ఎప్పుడు పుడతదె? పేరు పెట్టుడు నాకిడిసిపెట్టు" అంటున్నాడు. వాడి గోల వాడిది.

నిన్న ఒక చెట్టు తల వంచేసింది. పెద్దాయన భోజనానికి రాలేదు.

జాగ్రత్త తల్లీ.

మీ నాన్న


మబేలా
1 నవంబరు

నాన్నా,

ఇక పంపను.

తేట పారబోయమని రాశాను. నువ్వు తేట ఉంచుకుని మడ్డి పారబోశావు. మళ్లీ తేట ఎక్కువ కావాలంటున్నావు. తేట వంపుకుని మడ్డి పారబోసేది ఎవరో నాకు తెలుసు. చిన్నప్పుడు మన గుమ్మంలో అలా పారబోసిన మడ్డి మీద చీమలు పట్టేవి. స్కూలుకి వెళ్లేటప్పుడు వాటిని దాటి వెళ్లేదాన్ని.

మొన్న ఆంజి అన్న అడగకుండానే చెప్పాడు. "మీ నాయన రూములో వాసన చూసినావా ఆశా? మంచం కిందే పెట్టుకోని పండుకుంటాండాడు. నాకెందుకులే గానీ, కూతురివి, చెప్తే నువ్వే చెప్పల్ల" అన్నాడు. నేను కొత్తిమీర తీసుకుని వచ్చేశాను.

పెద్దులు గారి జోకులు నువ్వు నాకు ఎందుకు రాస్తున్నావో అర్థం కావడం లేదు. నవ్వమనా?

అమ్మకి చెప్పను. అది నీకోసం కాదు, అమ్మకోసం.

దగ్గు మందు పంపుతున్నాను. అది దగ్గుకే.

ఆశ


బర్కా
6 నవంబరు

అమ్మా ఆశా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మొదట నువ్వేమంటున్నావో అర్థం కాలేదు. తేట ఉంచుకుంటే తప్పేమిటి, మడ్డి ఎవడికి కావాలి అనుకున్నాను. చెట్టు ఎక్కి, పైన కూర్చుని ఆలోచిస్తే అప్పుడు తెలిసింది. నీ మొదటి ఉత్తరం తీసి చూశాను. రెండో ఉత్తరం తీసి చూశాను. రెండిటిలోనూ మడ్డే ఉంచమని రాశావు. నేను రెండూ చదివాను. చదివి కూడా నా చెయ్యి తేటనే వంపుకుంది. ఇన్నేళ్లు కల్లు వంపిన చెయ్యి. నోరు మానేసింది గానీ చేతికి ఎవరూ చెప్పలేదు.

తాగలేదమ్మా. ఇంతకంటే ఎలా రాయాలో తెలియదు. నువ్వు నమ్మలేదని బాధ లేదు. నమ్మకుండా ఉండటం నీకు నేర్పింది నేనే కదా, చిన్నప్పటి నుంచీ.

ఇక్కడ ఇంకో సంగతి జరిగింది. నీకు చెప్పకూడదనుకున్నాను. ఆంజి ఎలాగూ చెప్తాడు, నేనే రాయడం మంచిది. ఆదివారం మా ఫోర్‌మన్ ఇస్రార్ రూముకి వచ్చి బకెట్లు బయటకి లాగాడు. "చాచా, యే క్యా హై? నన్ను కూడా జైల్లో పెట్టిస్తావా?" అని చిన్న అర్బాబ్‌కి ఫోను చేశాడు. చిన్నాయన వచ్చి వాసన చూసి, నన్ను ఆ రోజే పంపించేస్తానన్నాడు. పురుగు కోసమని చెప్పాను. పురుగేదీ అన్నాడు. బకెట్లో ఒక్కటీ లేదు. పులుపు చాలక ఇంకా బయట పెట్టనే లేదు కదా.

పెద్దులు అడ్డం వచ్చాడు. నవ్వులాటగా ఉండే మనిషి చేతులు జోడించి మాట్లాడాడు. తర్వాత నాకు చెప్పాడు: "నేను వాళ్లకు హిందీల జెప్పిన అన్నా. గీ మనిషి పండుగపూట గూడ ముట్టలే, మేం గ్లాసు ముందర పెడితె లేసి బయటికి పోయిండు, దేవుని మీద ఒట్టు అన్న. నేను ఉట్టిగ పరాచికం ఆడితె గిది మీదికొచ్చె. ఇగ జోకులు బంద్." పాపం, ఆ రోజు నుంచి నిజంగానే మానేశాడు. రూము చిన్నబోయింది.

పెద్ద అర్బాబ్ బకెట్ దగ్గర కూర్చుని చాలాసేపు చూసి, నెలాఖరు దాకా చూద్దాం అన్నాడు. ఇక రూములో పెట్టకూడదు, తోటలో అందరికీ కనబడేలా చెయ్యాలి అన్నాడు. చిన్నాయన బకెట్లు పారబోయించాడు.

సీసా పంపొద్దు. అడగను కూడా. నా సంగతి చూశాక నీ సార్‌కి తెలిస్తే నీకేమవుతుందోనని భయం పట్టుకుంది. నేను వెనక్కి వెళ్లాల్సి వస్తే వెళ్తాను. నువ్వు మాత్రం ఎవరి కళ్లలోనూ పడకుండా ఉండు. నీకు అది బాగా వచ్చు.

దగ్గు మందు పడింది. రాత్రి దగ్గలేదు.

నాన్న


మబేలా
12 నవంబరు

నాన్నా,

ఈ ఉత్తరంతో పాటు రెండు సీసాలు వస్తాయి. ఈసారి సగమే నింపాను, పొంగదు. ఆంజి అన్నకి బండిలో పరచుకోవడానికి పాత దుప్పటి కూడా ఇచ్చాను.

సార్ ఇంట్లో ఉన్నాడు. శుక్రవారం సాయంత్రం ఆయన వంటింట్లో బార్లీ తూకం వేసుకుంటుంటే వెళ్లి నిలబడ్డాను. ఆయన చూడలేదు. మళ్లీ వెళ్లి నిలబడ్డాను. మూడోసారి మేడమే, "ఆశకి ఏదో కావాలి" అంది. ఇంగ్లీషులో వాక్యం ముందే కట్టుకుని వెళ్లాను. నోరు తెరిచేసరికి క్రియ ఎక్కడికో పోయింది.

"మా నాన్నకి కొంచెం ఈస్టు కావాలి" అన్నాను.

"మీ నాన్న కూడా బీరు చేస్తాడా?"

"లేదు. పురుగుల్ని పడతాడు."

సార్ చేతిలో గరిటె కింద పెట్టి నవ్వాడు. నేను నవ్వకుండా నిలబడ్డాను. అప్పుడు ఆయన కుర్చీ లాగి కూర్చుని, చెప్పు అన్నాడు. అంతా చెప్పాను. ముందు ఒకసారి అడగకుండా పంపానని కూడా చెప్పాను. ఒకసారి అడగకుండా తీశావు, ఇంకోసారి అడుగు అన్నాడు, అంతే. మేడమ్ మాత్రం, "ఆయన దాన్ని తాగడని నీకు ఖాయంగా తెలుసా? ఎండలో పనిచేసే మనుషులు కదా" అంది. తప్పుగా అనలేదు, మెల్లగానే అంది.

"మా నాన్న చెట్లకే అడిగాడు" అన్నాను.

ఇంగ్లీషులో అది చాలా చిన్న వాక్యం. పైకి అన్నాక ఇంకేమీ చేర్చాలనిపించలేదు.

సార్ తన దగ్గరున్న వాటిలో వేడికి తట్టుకునే రకం ఇచ్చాడు. ఇద్దరం కలిసి పెంచాం. ఆయన తిప్పుతుంటే నేను బట్టలు మడతపెట్టాను. నేను తిప్పుతుంటే ఆయన నీ పురుగు గురించి పుస్తకంలో చదివాడు. ఒక పూట కదపకుండా ఉంచాక చూడు, మడ్డి వేలి మందాన దిగుతుంది. తేట పారబొయ్యి. నీ చేతికి నా మాటగా చెప్పు. మడ్డి కలిపిన తెల్లారేసరికల్లా బకెట్ ఘాటుగా వాసన కొడుతుందని సార్ అన్నాడు, కాబట్టి రూములో ఉంచే పని లేదు, నేరుగా చెట్టు కిందే కలుపు. మేకలకి అందకుండా బకెట్ని మెడ దాకా పాతిపెట్టి, పైన పురుగు పట్టేంత రంధ్రాలున్న మూత వెయ్యి. పక్కన ఇస్రార్‌ని నిలబెట్టుకో. పెద్ద అర్బాబ్‌నీ పిలువు.

పెద్దులు గారికి జోకులు మానొద్దని చెప్పు. నేను అన్నానని చెప్పు. సిగ్గుగా ఉంది, అయినా చెప్పు.

నీ ఆశ


బర్కా
22 నవంబరు

ఆశమ్మా, నా తల్లీ,

ఏ సంగతి ముందు రాయాలో తెలియడం లేదు. పురుగు సంగతే రాస్తాను.

సీసాలు రాగానే ఇస్రార్‌ని పిలిచాను. బావి పక్క గచ్చు మీద, అందరి ముందూ తేట వంపడానికి కూర్చున్నాను. కుడి చెయ్యి గిన్నె కోసం వెతికింది, నీ మీద ఒట్టు. ఎడమ చేత్తో సీసా ఎత్తి నేల మీదకి వంపేశాను. ఇసుక పీల్చేసుకుంది. అడుగున మడ్డి చూస్తే, నువ్వన్నట్టు మీగడే. దాన్ని ఇన్నాళ్లూ బురద అన్నాను.

నాలుగు బకెట్లు మెడ దాకా పాతాం. పురుగు పాకి ఎక్కేలా చుట్టూ గోనె గుడ్డ చుట్టాను, మన దగ్గర అలాగే చేస్తారు. తెల్లారి వెళ్లేసరికి మూత తీయకుండానే వాసన వచ్చింది. పాత రోజుల్లో ఆ వాసనకి నా కాళ్లు వాటంతటవే నడిచేవి. ఇప్పుడు మూత తీసి లోపల పురుగులున్నాయా అని వెతికాను. ఉన్నాయి. దోసెడు ఉన్నాయి తల్లీ, ఇటుక రంగువి, తొండాలతో సహా. పెద్ద అర్బాబ్ ఒకదాన్ని తొండం పట్టుకుని ఎత్తి, అరబ్బీలో దాన్నేదో తిట్టాడు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టాడు. చిన్నాయన ఫోటో తీసి నాకూ పంపాడు, నీ ఫోనుకి వేస్తాను.

అప్పటి నుంచి రోజూ పడుతున్నాయి. రెండు చెట్లు దక్కలేదు, కొట్టి కాల్చేశాం. మిగిలిన వాటికి చెవి పెడితే చప్పుడు తగ్గుతూ వస్తోంది. ఇప్పుడు ఖర్జూరాలు పిసికేది ఇస్రారే. నన్ను ముట్టుకోనివ్వడం లేదు. నువ్వు చెప్పినట్టు కొంచెం మడ్డి దాచి, తియ్యటి నీళ్లు పోసి పెంచుతున్నాను. అటు వెళ్లినప్పుడల్లా తిప్పుతున్నాను.

నీ మాట పెద్దులుకి చెప్పాను. వాడు తర్వాత బకెట్ దగ్గరికి వెళ్లి గట్టిగా, "ఓ పురుగులాలా, తాగుడు మంచిది గాదుర, మా ఇస్రాయేలన్నను సూసి నేర్సుకోండి" అని ఉపన్యాసం ఇచ్చాడు. చిన్న అర్బాబ్‌కి అర్థం కాలేదు గానీ ఆయనా నవ్వాడు.

నిన్న పెద్దాయన నా పాస్‌పోర్టు తీసుకున్నాడు, రెన్యూకి.

మీ మేడమ్ అడిగిన మాటకి నువ్వు చెప్పిన జవాబు పదేపదే చదువుకున్నాను. ఏం చూసి నమ్మావని అడగను. ఒక్కసారి ఇటు రామ్మా. ఇన్ని నెలలైంది, మా తోట నువ్వు చూడనే లేదు. నీకు ఖలాస్ రకం ఖర్జూరం పళ్లు దాచిపెట్టాను. బావి పక్క నీడ బాగుంటుంది, కూర్చుని పుస్తకం చదువుకోవచ్చు, నేను మాట్లాడించను.

మీ నాన్న
ఇస్రాయేలు


మబేలా
25 నవంబరు

నాన్నా,

ఇవాళ దుకాణం ముందు ఆంజి అన్న నన్ను చూసి దూరం నుంచే, "మీ నాయన పురుగుల సేటు అయిపోయినాడమ్మా, పక్క తోటోళ్లు కూడా వచ్చి అడగతాండారు" అని అరిచాడు. అందరూ నావైపు చూశారు. మామూలుగా అయితే వెనక్కి వచ్చేసేదాన్ని. ఉండి, కొత్తిమీర ఏరుకుని, డబ్బులిచ్చి వచ్చాను.

సార్ డ్యూటీ వెనక్కి జరిగి ఇంకా ఇంట్లోనే ఉన్నాడు, నువ్వు పంపిన పురుగు ఫోటో ఆయనకి చూపించాను. దాన్ని ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. మేడమ్ పక్కకి జరిపింది, ఆయన మళ్లీ మధ్యలో పెట్టాడు. నీ ఎడమ చెయ్యి సంగతి వాళ్లకి చెప్పలేదు. అది నాకు రాసింది.

సీసా బాగానే ఉంది. చలి మొదలైంది కదా, చన్నీళ్ల తొట్టి తీసేశాను. కొంచెం నెమ్మదించింది, మామూలేనట. నీ సీసాకి కూడా ఎండ తగలకుండా చూడు గానీ మరీ చల్లటి చోట పెట్టకు. మడ్డి తెల్లగా కాకుండా గోధుమ రంగుకి తిరిగితే పారబోసి నాకు చెప్పు, ఇక్కడి నుంచి కొత్తది పంపుతాను. ఎప్పుడూ ఒకచోట అయినా బతికి ఉండాలి.

అమ్మకి నిన్న ఫోనులో చెప్పాను, పురుగుల వరకే. "మీ నాన్నకి చెట్టెక్కితే గానీ బుద్ధి పనిచేయదు" అంది. ఆ తర్వాత నీ దగ్గు తగ్గిందా అని అడిగింది.

వచ్చే శుక్రవారం సెలవు అడిగాను, ఇచ్చారు. ఆంజి అన్న బండిలో వస్తాను. ఖలాస్ పళ్లు ఉంచు. పుస్తకం తేను, మాట్లాడించు.

తోట నేను అసలు చూడలేదని రాశావు. సార్‌ని అడిగిన రోజే, ఎనిమిదో తారీఖు శుక్రవారం పొద్దున నీ ఉత్తరం చదివి, నీ మంచం కింద నా కళ్లతో చూద్దామని ఆంజి అన్న బండిలో మీ గేటు దాకా వచ్చాను. గేటు తీసే ఉంది. నేను బండి దిగలేదు.

నీ ఆశ